సున్నం కింద దెస్పినా

“ఇంకొంచెం” అన్నాడు మనోలిస్.

ఉదయశ్రీ ఇంకో చిటికెడు నీలిమందు బకెట్లో వేసి కర్రతో తిప్పింది. సున్నంలో నీలం చారలు చారలుగా తిరిగి కలిసిపోయింది. ఆయన స్టూలు మీంచి ముందుకు వంగి చూశాడు. కర్ర ఎత్తి పట్టుకోమన్నాడు. చివర నుంచి జారుతున్న చుక్కను గ్యారేజీ తలుపులోంచి వస్తున్న వెలుతురులో చూసి, చాలన్నాడు.

సిడ్నీ శివారు పెండిల్ హిల్‌లో ఆ వీధంతా ఇప్పుడు మనవాళ్లే. మూలమీద మిఠాయి కొట్టు, దాని పక్కన చీరల కొట్టు, ఆ పక్కన దోసెల హోటలు. వాటి వెనక పాత రేకుల ఇంట్లో ఈ గ్రీకు ముసలాయన ఒక్కడే ఉంటాడు. వారంలో కొన్ని పొద్దులు ఉదయశ్రీ వచ్చి ఆయనకు స్నానం చేయించి, టిఫిను పెట్టి, మాత్రలు వేయించి వెళ్తుంది. చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి, చదువయ్యాక ఏజెన్సీలో ఈ పనికి కుదురుకుంది. మొదటి రోజు అలవాటుగా “అంకుల్” అని పిలిస్తే ఆయన చుట్టూ చూసి, నేను మీ నాన్న తమ్ముణ్ణా, అన్నయ్యనా అని అడిగాడు. ఆమె సిగ్గుపడి తల దించుకుంది. ఏదో ఒకటి తేల్చుకుని రేపు చెప్పమన్నాడు. ఆమె తేల్చలేదు, పిలుపూ మానలేదు.

బొమ్మల పని చూడడం ఆమె ఉద్యోగంలో లేదు. కానీ ఈస్టరు ముందు వారంలో ఆయన స్నానం కూడా వద్దని గ్యారేజీలోకే వెళ్తాడు. చేతులు వణుకుతాయి కాబట్టి ఆమె వెంట వెళ్లక తప్పదు. వాళ్ల దీవిలో ఆ వారం ఆడవాళ్లు మెట్లకీ అరుగులకీ సున్నం కొడతారట, అందులో నీలిమందు కలుపుతారట. మా అమ్మ కూడా కలుపుతుంది అంకుల్, అంది ఉదయశ్రీ. ఆయన కుంచె ఆపి ఆమె వైపు తిరిగాడు.

“తెలిసి కూడా ఇంతసేపూ ‘చాలా? చాలా?’ అని నన్నెందుకు అడిగావు?”

“నాకు గోడలకే తెలుసు. బొమ్మలకి తెలీదు.”

ఆయన చాలాసేపు నవ్వాడు. నవ్వితే భుజాలు కూడా కదిలేవి.

గ్యారేజీ నిండా తెల్ల పలకలే. ఆయన బీరువాల ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల్లో ముక్కలుగా మిగిలిన ప్లైవుడ్ మీద వేసినవి. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకటే. దగ్గరికి వెళ్తే ఒకదాంట్లో తెలుపు పగుళ్లిచ్చి, ఒకదాంట్లో గీకిన గీతలు తేలి, ఒకదాంట్లో అంచున పాత పసుపు మిగిలి ఉంటాయి. వాటి గురించి పేపర్లలో రాసిన ముక్కలు గోడకు అతికించి ఉన్నాయి. సముద్రపు వెలుగు అని ఒకరు, శూన్యం అని ఒకరు రాశారు. ఏథెన్సు వాళ్లు ఆస్ట్రేలియా పెయింటరు అన్నారు, సిడ్నీ వాళ్లు గ్రీకు పెయింటరు అన్నారు, రెండు ఊళ్లవాళ్లూ చిన్న గదులే ఇచ్చారు. ఈ ఏడే, ఎనభై దాటాక, నగరంలో ఒక గ్యాలరీ పెద్ద హాలు మొత్తం ఆయనకు ఇస్తామంది. గోడకు ఆనించి ఉన్న అన్నిటికన్నా పెద్ద పలకను హాలు మధ్యలో నిలబెడతారట. ఆ కబురు వచ్చినప్పటి నుంచి ఆయన గడ్డం రోజూ గీయించుకుంటున్నాడు.

ఇప్పుడు పూత వేస్తున్నది ఆ పెద్ద పలకకే. కిందిభాగం ఆయన వేశాడు. పైమూల అందక కుంచె ఉదయశ్రీకి ఇచ్చాడు. ఆమె స్టూలెక్కి, అమ్మ గోడకు వేసినట్టే పై నుంచి కిందికి లాగుతూ మధ్యలో ఆగింది.

“ఇక్కడేదో ఉబ్బెత్తుగా తగుల్తోంది అంకుల్. గీకమంటారా?”

“వద్దు,” అన్నాడాయన. కాసేపాగి, “అది భుజం,” అన్నాడు.

ఆమె స్టూలు మీదే నిలబడిపోయింది. ఆయన బకెట్లోకి చూస్తూ చెప్పాడు. భార్య పేరు దెస్పినా. జబ్బు ముదిరాక ఆమె జుట్టంతా రాలిపోయింది. సాయంత్రం ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చాక ఇదే గ్యారేజీలో కుర్చీలో కూర్చునేది, ఆయన ఆమె బొమ్మ వేసేవాడు. ఎవరికీ చూపించనంటేనే కూర్చుంటానంది, సరేనన్నాడు. బొమ్మ పూర్తయిన రోజు ఆమె చాలాసేపు చూసి, ఇది నేను కాదు, నా జబ్బు అంది. మర్నాడు పొద్దున ఆయన వచ్చేసరికి పలకంతా తెల్లగా ఉంది. ఆమె కుర్చీలో నిద్రపోతోంది, గోళ్లలో సున్నం. అది ఈస్టరు ముందు వారం. పండగ వెళ్లాక ఆమె లేదు. ముప్పై ఏళ్ల పైనే అయింది. ఏటా అదే వారం ఆయన దాని మీద ఒక పూత వేస్తాడు. ఆ పలకను చూసి చూసి మిగతావన్నీ తెల్లగానే వచ్చాయట.

“ఇది ఎవరికీ తెలీదు. నీ చేతికి తగిలింది కాబట్టి చెప్పాను,” అన్నాడు.

ఆమె తల ఊపింది. కుంచెను తేలిగ్గా పట్టుకుని, నిద్రపోతున్న పిల్ల మీద దుప్పటి కప్పినట్టు ఆ ఉబ్బు మీద పూత లాగింది.

మర్నాడు గ్యాలరీ నుంచి వ్యాను వచ్చింది. ఇద్దరు మనుషులు పలకల్ని మెత్తటి గుడ్డల్లో చుడుతుంటే మనోలిస్ గ్యారేజీ గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుని, అంచులు, అంచులు జాగ్రత్త అంటున్నాడు. వాళ్లతో వచ్చిన అమ్మాయి మెడలోని కార్డు మీద శ్రీలేఖ అని ఉంది. ఉదయశ్రీ ఆ పేరు చూసి, అడగాలా వద్దా అని తటపటాయించి, తెలుగువాళ్లా అని మెల్లగా అడిగింది.

“యా అక్కా. అమ్మావాళ్లది రాజమండ్రి. నాకు మొత్తం అర్థమవుతుంది, బట్ నేను మాట్లాడితే కజిన్స్ నవ్వుతారు.”

అక్కా అనేసరికి ఉదయశ్రీకి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఈ దేశంలో ఇన్నేళ్లలో పనిచేసే చోట ఆమెను అక్కా అన్నవాళ్లు లేరు. వంటింట్లోకి తీసుకెళ్లి అల్లం దంచి టీ పెట్టింది. శ్రీలేఖ గ్యాలరీ మనిషిలా కాక మేనత్త ఇంటికి వచ్చినట్టు గట్టు మీద ఎక్కి కూర్చుంది. టీ ఊదుకుంటూ వాళ్లమ్మ చేసే పులస కూర గురించి, ముళ్లు తీయలేక తను పడే పాట్ల గురించి చెప్పింది. ఉదయశ్రీ నవ్వింది. ఆమె నోరు అంత తేలిగ్గా తెరుచుకుని చాలాకాలమైంది.

“ఆ బిగ్ వైట్ వన్ గురించి ఆయన ఏమీ చెప్పరు అక్కా,” అంది శ్రీలేఖ. “ఎన్నిసార్లు అడిగినా ఇట్స్ వైట్ అంటారు. అంతే.”

తనకు తెలుసన్న గర్వం ఒక క్షణం ఉదయశ్రీ గొంతులోకి వచ్చింది. ఆ క్షణమే చాలింది. సున్నం దగ్గర మొదలుపెట్టి, భుజం, జబ్బు, కుర్చీ, గోళ్లలో సున్నం దాకా చెప్పేసింది. చెబుతున్నంతసేపూ శ్రీలేఖ కళ్లు పెద్దవవుతుంటే ఇంకా బాగా చెప్పింది. అంతా అయ్యాక, ఎవరితోనూ అనొద్దమ్మా అంది. మనవాళ్ల దగ్గర రహస్యాలు చెప్పే పద్ధతే అది, ముందు చెప్పడం, తర్వాత చెప్పొద్దనడం.

“అయ్యో, అఫ్‌కోర్స్ అక్కా,” అంది శ్రీలేఖ, గ్లాసు తనే కడిగిపెట్టి.

ఈస్టరు ఆదివారం వెళ్లాక ఉదయశ్రీ వచ్చేసరికి మనోలిస్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. స్నానం వద్దన్నాడు. ముందు పెట్టిన బ్రెడ్డు ముట్టుకోలేదు. ట్యాబ్లెట్ ఆమె వైపు జరిపి, కళ్లద్దాలు కనపడ్డం లేదు, ఇది చదివి పెట్టమన్నాడు. కళ్లద్దాలు ఆయన చొక్కా జేబులోనే ఉన్నాయి. ఆమె చూసింది. ఆమె చూసిందని ఆయనకూ తెలుసు.

ఆమె నిలబడే చదివింది. గ్యాలరీ నుంచి వచ్చిన ఇంగ్లీషు. పలక ఎలా ఉందో చూడడానికి ఎక్స్-రే తీశారట. సున్నం పొరల కింద కూర్చున్న స్త్రీ రూపం బయటపడిందట. ఆమె మీ భార్య అని మాకు తెలిసింది, అన్నచోట ఆమె ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. ఆ ఎక్స్-రేను నిలువెత్తున ప్రింటు తీసి పలక పక్కనే పెడతారట. ఇన్నాళ్లూ శూన్యం అనుకున్నదాని వెనక ఉన్న ప్రేమకథ జనానికి తెలుస్తుందట. చివర ఒక ఫొటో ఉంది.

“తెరవొద్దు,” అన్నాడు మనోలిస్.

ఆమె ట్యాబ్లెట్ బోర్లించింది.

“నేనే చెప్పాను అంకుల్.”

“తెలుసు. నేను చెప్పింది నీ ఒక్కదానికే కదా.”

కోపంగా అనలేదు. టీ పెట్టమన్నాడు, పెట్టింది, తాగాడు. తర్వాత లేచి చొక్కా మార్చుకున్నాడు. రోజూ గుండీలు ఆమే పెడుతుంది. ఈవేళ ఆమె చెయ్యి చాపితే ఆయన గోడవైపు తిరిగాడు. వణికే వేళ్లతో ఒక్కో గుండీని కాజా దగ్గరికి తెచ్చి, జారిపోతే మళ్లీ తెచ్చి, మెడ దాకా పెట్టుకున్నాడు. అంతసేపూ ఆమె రెండు చేతులూ వేలాడేసుకుని నిలబడింది. తన చేతులు అంత బరువుంటాయని ఆమెకు తెలియదు.

ఆ సాయంత్రం గదిలో ఆమె ఏడుస్తుంటే, కలిసి ఉండే వీణ సంగతంతా విని తల పట్టుకుంది. వీణది నిజామాబాదు. “ఏడాదికి పది మాటలు మాట్లాడేదానివి,” అంది. “ఆ పదీ ఒక్క దగ్గర్నే ఖర్చువెట్టినవానే?” తర్వాత పక్కన కూర్చుని, ఆ పిల్లకి ఫోన్ చెయ్యి, ఏడిస్తే ఏమొస్తది అంది.

శ్రీలేఖ ఫోన్‌లో ముందే సారీ అక్కా అంది. మా హెడ్‌కి చెప్పాను, ఎక్సైట్ అయిపోయి చెప్పాను, అది ఇంతవరకు వెళ్తుందనుకోలేదు అంది. ఆయన ఒప్పుకోకపోతే ప్రింటు పెట్టరు, అది ఆయన హక్కు. కానీ హాలంతా ఆ పలక చుట్టూనే సర్దేశారు. అసలు పలకే వద్దని ఆయన వెనక్కి తీసుకుంటే షో వచ్చే ఏటికి వాయిదా పడుతుంది, అప్పుడు కూడా పెద్ద హాలు దొరకదు. ఒకసారి ఆయన్ని వచ్చి చూడమను అక్కా, షీ లుక్స్ బ్యూటిఫుల్, అంది. ఆ చివరి మాట వినగానే ఉదయశ్రీ ఫోన్ పెట్టేసింది. చూసేశారన్నమాట. దెస్పినా ఎవరికీ చూపించొద్దన్నదాన్ని రాజమండ్రి వాళ్లమ్మాయి చూసింది, వాళ్ల హెడ్డు చూశాడు, ఎక్స్-రే తీసిన మనిషి చూశాడు.

ఆమె ఏమీ చెప్పకుండానే మనోలిస్ గ్యాలరీకి తీసుకెళ్లమన్నాడు. పెళ్లిళ్లకు వేసుకునే నల్ల కోటు వేసుకున్నాడు. ట్యాక్సీలో దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. గ్యాలరీలో హెడ్డు ఎదురొచ్చి రెండు చేతులతో ఆయన చేతిని పట్టుకున్నాడు. మర్యాదస్తుడే. వాళ్లను వెనకవైపు గదికి తీసుకెళ్లాడు. అక్కడ పెద్ద పలక బల్ల మీద వెల్లకిలా ఉంది. దాని పక్కన గోడమీద నిలువెత్తు తెర.

తెర వెలిగేలోపే ఉదయశ్రీ తలుపు వైపు తిరిగిపోయింది. తలుపు పక్కన నిప్పు ఆర్పే ఎర్ర సిలిండరు వేలాడుతోంది. దాని మీద రాసిన సూచనలు చదవడం మొదలుపెట్టింది. చూడకుండా ఉండడం ఒక్కటే ఇప్పుడు ఆమె చేయగలిగింది. వెనక నుంచి ఏసీ చప్పుడు, ఆయన ఊపిరి.

“తల చుట్టూ ఉన్నది ఏంటి?” అన్నాడు మనోలిస్ చాలాసేపటికి.

శ్రీలేఖ దగ్గరికి వచ్చి ఇంగ్లీషులో చెప్పింది. అదే మాకూ అర్థం కాలేదు. మిగతా బొమ్మ అంతా మీ కుంచె, అది తెలుస్తోంది. తల చుట్టూ మాత్రం వేరే పెయింటు. అందులో సీసం ఉంది కాబట్టి ఎక్స్-రేలో అలా తెల్లగా మెరుస్తోంది. మీరు తర్వాత జుట్టు కలిపారేమో అనుకున్నాం.

“నేను జుట్టు వేయలేదు.”

ఉదయశ్రీ సిలిండరు మీద మొదటి వాక్యమే మళ్లీ మళ్లీ చదువుతోంది. అద్దంలా మెరుస్తున్న దాని ఎర్ర పొట్టలో ముసలాయన నీడ చిన్నగా కనిపించింది. ఆ నీడ గాలిలో చెయ్యి ఎత్తి, ఏవో గీతల వెంట వేలు నడుపుతోంది. కుడిచేత్తో రెండు మూడుసార్లు ప్రయత్నించి, కుదరక, ఎడమచేతికి మార్చింది. ఎడమచేత్తో కుదిరింది.

“దెస్పినాది ఎడమచేతి వాటం,” అన్నాడాయన. “ఇది గేటు రంగు. ఆ ఏడు గేటుకి వేశాం. డబ్బాలో అడుగున కొంచెం మిగిలింది. ఆకుపచ్చది.” కొంచెం నవ్వబోయాడు. “పచ్చ జుట్టు పెట్టుకుంది.”

ఆ నవ్వు మధ్యలో విరిగింది. శ్రీలేఖ కుర్చీ తెచ్చి వేసింది. ఆయన కూర్చోలేదు.

“ముందు తల దువ్వుకుంది,” అన్నాడు. “తర్వాత సున్నం కొట్టింది. నాకు చెప్పలేదు. నా బొమ్మ మీద కోపంతో కొట్టిందనుకున్నాను, ఇన్నేళ్లూ.”

హెడ్డు దగ్గరికి వచ్చాడు. ఇది తెలిశాక ఈ ప్రింటు ఇంకా ముఖ్యమని, చూసిన ప్రతివాళ్లూ ఏడుస్తారని, ఆలోచించమని మెల్లగా చెప్పాడు. మనోలిస్ చివరిదాకా విన్నాడు.

“జనం ఏడుస్తారు, నిజమే. కానీ జుట్టు పెట్టుకున్నాక కూడా నా భార్య నాకే చూపించలేదు. మీరెవరు చూడ్డానికి? నేనెవరిని చూపించడానికి?” అన్నాడు. “పలకని ఇంటికి పంపండి.”

అలా అయితే హాలు, అని మొదలుపెట్టాడు హెడ్డు. తెలుసన్నాడు మనోలిస్. వచ్చే ఏడు తప్పకుండా చూద్దాం అన్నాడు హెడ్డు. వచ్చే ఏడు అన్నాడు మనోలిస్ కూడా, ఆ మాటను బరువు చూస్తున్నట్టు. తెర ఆర్పేశారు. ఎక్స్-రే చెరిపేస్తామని మాటిచ్చారు. చెరిపారో లేదో దేవుడికే తెలియాలి.

తిరిగి వచ్చేటప్పుడు ట్యాక్సీలో ఉదయశ్రీ క్షమించమని అడగాలనుకుంది. ఇంగ్లీషులో ఆ మాట చాలా చిన్నదిగా అనిపించింది. కాలు తొక్కినా, దారికి అడ్డొచ్చినా ఇక్కడ అదే మాట. ఆమె పెదవులు కదలడం చూసి ఆయనే మాట్లాడాడు.

“నువ్వు చెప్పకపోతే ఆమె జుట్టు నేను చూసేవాణ్ణి కాదు. నువ్వు చెప్పావు కాబట్టి వాళ్లంతా చూశారు. రెండూ నిజమే. రెండిటినీ కలిపి ఏం చేయాలో నాకు తెలీడం లేదు.”

“నేను చూడలేదు అంకుల్.”

“తెలుసు. అటు తిరిగి నిలబడ్డావు.” ఆయన కోటు గుండీని వేలితో తడుముకున్నాడు. “అప్పుడు కాదు, ఆ పిల్లకి టీ పెట్టినప్పుడు అటు తిరగాల్సింది.”



పలక ఇంటికి తిరిగొచ్చిన మర్నాడు ఉదయశ్రీ వెళ్లేసరికి ఆయన గ్యారేజీలో ఉన్నాడు. ఏజెన్సీకి ఫోన్ చేసి వేరే మనిషిని పంపమంటాడేమోనని రాత్రంతా ఆమెకు భయం. అలా చేయలేదు. రమ్మన్నట్టు తల ఊపాడు. సున్నం నానబెట్టి ఉంది. ఈ ఏటి పూత అయిపోయింది కదా అని ఆమె అడగలేదు. అంతమంది కళ్లు పడ్డాయి, ఇంకో పూత కావాలి. ఆమె స్టూలు జరిపి, చేతులు పైకి మడుచుకుని, నీలిమందు పొట్లం కోసం చూసింది.

“బకెట్ ఇక్కడ పెట్టి నువ్వు బయట ఉండు,” అన్నాడాయన. “తలుపు వేసెయ్యి.”

“పడిపోతారు అంకుల్.”

“పడితే పిలుస్తాను.”

ఆమె బయటికి వచ్చి తలుపు వేసింది. ఉతికిన తువ్వాళ్లు బుట్టలో ఉంటే తీగ మీద ఆరేసింది. ఒక్కోటీ దులిపి, అంచులు లాగి, మడతలు లేకుండా వేసి, అయిపోయాక మళ్లీ సర్దింది. లోపల కుంచె పలక మీద గరగరమంటూ పైకీ కిందికీ వెళ్లడం వినిపిస్తోంది. మధ్యలో ఆగుతోంది. ఆగినప్పుడల్లా ఆమె ఊపిరి బిగబట్టింది. దోసెల హోటల్లో ఎవరో గ్రైండరు వేశారు, కాసేపు ఏమీ వినపడలేదు. అది ఆగాక స్టూలు కాలు నేల మీద ఈడ్చిన చప్పుడైంది. ఆమె తలుపు దాకా పరిగెత్తి, గొళ్లెం మీద చెయ్యి వేసి, ఆగింది. పిలుపు కోసం చెవి ఒగ్గింది. కుంచె మళ్లీ మొదలైంది. ఆమె చెయ్యి తీసేసింది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆయన చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి. ఆమె పైపు తెచ్చి నీళ్లు సన్నగా వదిలింది. ఆయన చేతులు చాపాడు. గోళ్ల సందుల్లో సున్నం వదలకపోతే ఆమె తన బొటనవేలితో ఒక్కో గోరూ రుద్దింది. ఆయన వద్దనలేదు. ఆమె భుజం మీదుగా వీధివైపు చూస్తూ ఉన్నాడు.

“రేపు ఎండ కాస్తుందట,” అన్నాడు.

“అవునంట అంకుల్,” అంది ఉదయశ్రీ.

ఆ తర్వాత ఆ ఇంట్లో వాళ్లిద్దరూ మాట్లాడుకున్నవన్నీ అలాంటి మాటలే.